ఎముక కణితుల విభాగం: హైదరాబాద్‌లోని ఒక ఆసుపత్రి సేవలపై సమీక్ష

హైదరాబాద్‌లోని ఒక పెద్ద ఆసుపత్రిలో ఎముక, మృదు కణజాల కణితుల కోసమే ప్రత్యేకంగా ఒక విభాగం నడుస్తోంది. మా అక్క కొడుకు, పదహారేళ్లవాడు, ఎడమ తొడ ఎముక కింది కొసలో వచ్చిన ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్‌కు పూర్తి చికిత్స అక్కడే తీసుకున్నాడు. మొదటి ఓపీ చీటీ నుంచి చివరి కీమో వరకు అటెండెంటుగా వాడి వెంట నేను ఉన్నాను. ఈ సమీక్షలో మెప్పుతో పాటు ఫిర్యాదులూ ఉన్నాయి కనుక ఆసుపత్రి పేరు రాయడం లేదు. ఇలాంటి విభాగానికి కొత్తగా వెళ్లేవారు అక్కడ ఏం జరగాలో, ఏం జరగకూడదో తెలుసుకుని వెళ్లాలన్నదే ఇది రాయడంలో నా ఉద్దేశం.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. ఎముక క్యాన్సర్ అని అందరం ఒక్క మాటలో అనేస్తాం గానీ, ఆ పేరు కింద స్వభావంలో ఒకదానికొకటి పొంతన లేని జబ్బులు అనేకం ఉన్నాయి. అదే వార్డులో ఒకరికి కీమోతో మొదలుపెట్టి ఆపరేషన్‌కు వెళ్లారు, ఒకరికి కీమో అన్న మాటే లేకుండా నేరుగా ఆపరేషన్ చేశారు, మరొకరికి మనవాళ్లు కరెంటు పెట్టడం అని పిలిచే రేడియోథెరపీ ఇచ్చారు, ఇంకొకరికి అసలు క్యాన్సరే కాదని చెప్పి కూడా ఏళ్ల తరబడి చూపించుకోవాలని హెచ్చరించారు. ఏ కణితికి ఏ దారి పట్టాలో నిర్ణయించడంలో ఈ విభాగం మొదటి తరగతిలో ఉంది. ఆ నిర్ణయం అయ్యాక రోగి ఇంటికి వెళ్లి ఎలా బతకాలో చెప్పడంలో మాత్రం చాలా వెనకబడి ఉంది.

వీళ్ల పనితీరు ముక్క పరీక్ష, అంటే బయాప్సీ దగ్గరే తెలిసిపోతుంది. మా వాడి మోకాలి నొప్పిని ఊళ్లో మొదట ఆటల్లో తగిలిన దెబ్బ అనుకున్నారు. నూనెతో మర్దన చేయించారు, ఒక నాటు కట్టు కూడా పడింది. రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి, తగ్గినట్టే తగ్గి మళ్లీ పెరిగే వాపు మొదలయ్యాక జిల్లా కేంద్రంలో ఒక ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించారు. ఎముక మీది పొర అంచున పైకి లేచి త్రికోణంలా కనిపించడం, కణితిలోంచి సూర్యకిరణాల్లా గీతలు బయటికి చిమ్మడం చూసి ఆయన, "నేను ముక్క తీయను, తీస్తే మీ వాడికి నష్టం, ఆపరేషన్ చేసేవాళ్లే తీయాలి, వెంటనే హైదరాబాద్ వెళ్లండి" అని రాసి పంపించారు. ఆ మాట విలువ ఆ రోజు మాకు పూర్తిగా అర్థం కాలేదు.

విభాగానికి వెళ్లిన రోజే సూది గుచ్చలేదు. మొదట తొడ ఎముక మొత్తానికి, అంటే తుంటి కీలు నుంచి మోకాలి దాకా, ఎంఆర్ఐ తీయించారు. అదే ఎముకలో అసలు కణితికి దూరంగా విడిగా మరో చిన్న కణితి ఉండే అవకాశం ఉంటుందని, కణితి ఉన్నంత మేర మాత్రమే స్కాన్ తీస్తే దాన్ని చూడకుండానే ఆపరేషన్ చేసేస్తామని వివరించారు. ముక్క తీసిన తర్వాత లోపల రక్తం చేరి వాపు వస్తే ఎంఆర్ఐలో కణితి అసలు హద్దు స్పష్టంగా కనిపించదు కాబట్టి స్కాన్ ముందు, సూది తర్వాత. బయట పరీక్ష కేంద్రంలో మోకాలికి మాత్రమే తీయించిన మా ఎంఆర్ఐ అందువల్లే అక్కరకు రాలేదు. మళ్లీ తీయించాల్సి వచ్చింది.

బయాప్సీ రోజున ఆపరేషన్ చేయబోయే సర్జనే స్వయంగా వచ్చి, తొడ లోపలి వైపున మార్కర్ పెన్నుతో నిలువుగా ఒక గీత గీశారు. తర్వాత జరిగే ఆపరేషన్‌కు కోత పడే గీత అది. సూది ఆ గీత మీదే, ఒకే కండరంలోంచి, ముఖ్యమైన రక్తనాళాలకు, నరాలకు దూరంగా వెళ్లాలి. సూది వెళ్లిన దారిలో క్యాన్సర్ కణాలు జారి ఉండిపోవచ్చు కనుక ఆపరేషన్‌లో ఆ దారిని కూడా కణితితో కలిపి తీసేస్తారు. ఎక్కడో ఒకచోట అడ్డంగా కోసి ముక్క తీస్తే, ఆ అడ్డకోత మేర చర్మాన్నీ కండరాన్నీ అదనంగా తీయాల్సి వస్తుంది. ఒక్కోసారి నిలబెట్టగలిగే కాలును కూడా తీసేయాల్సి వస్తుంది. అమెరికాలో హెన్రీ మాన్కిన్, ఆయన సహచరులు 1982లోనూ, మళ్లీ 1996లోనూ ప్రచురించిన అధ్యయనాలు ఇదే చెప్పాయి: చికిత్స చేసే కేంద్రంలో కాకుండా బయట ముక్క తీసి పంపినవారిలో పొరపాట్లు, చిక్కులు కొన్ని రెట్లు ఎక్కువగా కనిపించాయి. అన్నేళ్ల కిందటే తేలిన సంగతి అయినా, ఓపీలో మా ముందు కూర్చున్న ఒక యువకుడి మోకాలి మీద వేరే ఊళ్లో పెట్టిన అడ్డకోత మచ్చ స్పష్టంగా కనిపిస్తూనే ఉంది.

ఫలితం చేతికి రావడానికి వారానికి పైగా పట్టింది. ఆ వారంలో ఛాతీకి సీటీ, ఒళ్లంతటికీ పెట్ సీటీ, రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేస్, ఎల్‌డీహెచ్ పరీక్షలు పూర్తి చేయించారు కాబట్టి కాలం వృథా కాలేదు. ఆ తర్వాత ట్యూమర్ బోర్డు. సర్జన్, కీమో డాక్టరు, రేడియేషన్ డాక్టరు, రేడియాలజిస్టు, పాథాలజిస్టు ఒకే గదిలో కూర్చుని ఒక్కొక్క కేసు షీటూ చూసి తీర్మానం రాస్తారు. పెద్ద ఆసుపత్రులన్నీ ట్యూమర్ బోర్డు ఉందనే చెప్పుకుంటాయి. ఇక్కడ ఆ తీర్మానం కాపీని అడిగితే మన చేతికి ఇస్తారు. ఇది చిన్న సంగతేమీ కాదు.

ఆస్టియోసార్కోమా ఎక్కువగా పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల లోపు, పిల్లలు నిలువునా ఎదిగే వయసులో, ఎముక వేగంగా పెరిగే చోట పుడుతుంది. అందుకే తొడ ఎముక కింది కొస, కాలి ఎముక పై కొస, ఆ తర్వాత భుజం దగ్గరి ఎముక దాని ప్రధాన స్థావరాలు. దాని అసలు గుణం ఊపిరితిత్తులకు పాకడం. జబ్బు తెలిసేనాటికి సీటీలో ఊపిరితిత్తుల మచ్చలు కనిపించేది ఐదారుగురిలో ఒకరికే అయినా, కంటికి కనిపించని కణాలు అప్పటికే చాలామందిలో అక్కడికి చేరి ఉంటాయి. 1970లకు ముందు కాలు తీసేయడం ఒక్కటే చికిత్సగా ఉన్న రోజుల్లో, తీసిన చోట జబ్బు మిగలకపోయినా దాదాపు 80 శాతం మందికి తర్వాత ఊపిరితిత్తుల్లో బయటపడేది. కెనడాకు చెందిన టెర్రీ ఫాక్స్‌కు 1977లో కాలు తీశారు; కృత్రిమ కాలితో దేశం పొడవునా పరిగెత్తుతూ ఉండగానే జబ్బు ఊపిరితిత్తుల్లో తేలింది, 1981లో ఆయన చనిపోయారు. కీమో వచ్చిన తర్వాత, జబ్బు ఒక్క చోటే ఉన్నవారిలో 60 నుంచి 70 శాతం మంది ఐదేళ్లు దాటి బతుకుతున్నారు. గడ్డ కాలిలో ఉంటే ఒళ్లంతటికీ మందు ఎందుకని మా బావ అడిగిన ప్రశ్నకు ఇదే జవాబు. దాన్ని అక్కడి కీమో డాక్టరు ఓపికగా, తెలుగులో, కాగితం మీద ఊపిరితిత్తుల బొమ్మ వేసి చెప్పారు.

ఆస్టియోసార్కోమాల్లోనూ అన్నీ ఒకటి కావు. ఎముక పైపొర మీద మెల్లగా పెరిగే పారాస్టియల్ రకానికి, తక్కువ గ్రేడులో, అంటే కణాల ఉగ్రత తక్కువగా ఉన్నప్పుడు, ఆపరేషన్ ఒక్కటే చాలు. మా వాడిది ఎక్కువ గ్రేడు రకం, దానికి కీమో తప్పదు.

ప్రపంచంలో చాలా చోట్ల దీనికి మూడు మందులు వాడతారు: మెథోట్రెక్సేట్, డాక్సోరుబిసిన్, సిస్ప్లాటిన్. ఇందులో మెథోట్రెక్సేట్‌ను ఒంటి ఉపరితలం చదరపు మీటరుకు 12 గ్రాముల లెక్కన ఇవ్వాలి. అంత మోతాదు ఇచ్చాక మందు రక్తంలో ఎంత మిగిలిందో రోజూ కొలుస్తూ, మూత్రాన్ని క్షారంగా ఉంచుతూ, ల్యూకోవోరిన్ అనే విరుగుడు వేళ తప్పకుండా ఇవ్వాలి. ఎక్కడ ఆలస్యమైనా మూత్రపిండాలు దెబ్బతింటాయి. అందువల్ల మన దేశంలో అనేక కేంద్రాలు మెథోట్రెక్సేట్ లేకుండా డాక్సోరుబిసిన్, సిస్ప్లాటిన్, ఐఫాస్ఫమైడ్‌లతో చికిత్స చేస్తున్నాయి. మా వాడికి కూడా అదే. "మెథోట్రెక్సేట్ ఇచ్చి సరిగా కనిపెట్టుకోలేకపోవడం కంటే, చేయగలిగిన పద్ధతిని ఆలస్యం లేకుండా పూర్తిగా ఇవ్వడం మంచిది" అని డాక్టరు గారు దాపరికం లేకుండా చెప్పారు. ఇంటర్నెట్‌లో వేరే మందుల పేర్లు చదివి వెళ్లిన నాకు ఆ మాట ధైర్యాన్నిచ్చింది.

కీమో డే కేర్ నర్సుల పనికి ఈ సమీక్షలో అందరికంటే ఎక్కువ మార్కులు వేస్తాను. డాక్సోరుబిసిన్ ఎర్రగా ఉండే మందు, నరంలోంచి బయటికి కారితే చర్మం, కండ కుళ్లిపోతాయి. అందుకే చేతి నరానికి ఎక్కించకుండా మొదట్లోనే ఛాతీలో చర్మం కింద, పెద్ద నరానికి కలిపే పోర్టు అనే చిన్న పరికరం పెట్టించారు. మందు ఎక్కించే ముందు సీనియర్ నర్సు ఒకరు మా అక్కను పక్కకు పిలిచి, "రేపు మూత్రం ఎర్రగా వస్తుందమ్మా, రక్తం కాదు, మందు రంగు, భయపడొద్దు" అని చెప్పారు. ఆ ఒక్క మాట లేకపోతే ఆ రాత్రి మేము క్యాజువాలిటీకి పరిగెత్తి ఉండేవాళ్లం. గుండెకు ఎకో, చెవికి వినికిడి పరీక్ష మొదట్లోనే చేయించి, మధ్యలో మళ్లీ చేయించారు. డాక్సోరుబిసిన్ గుండె కండరాన్ని, సిస్ప్లాటిన్ వినికిడిని, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి కాబట్టి ఇవి మొక్కుబడి పరీక్షలు కావు. ఐఫాస్ఫమైడ్‌తో పాటు మూత్రాశయాన్ని కాపాడే మెస్నా ఎప్పుడు ఎంత ఇవ్వాలో మంచం దగ్గర బోర్డు మీద రాసి ఉంచేవారు.

తెల్ల రక్తకణాల కౌంట్ పడిపోయిన రోజుల్లో 100.4 డిగ్రీల జ్వరం కనిపిస్తే పారాసిటమాల్ వేసి చూద్దామని ఆగకుండా వెంటనే రావాలని ఎర్ర అక్షరాలతో ఒక కార్డు ఇచ్చారు. ఒకసారి అర్ధరాత్రి దాటాక అలాగే వెళ్లాం. క్యాజువాలిటీలో ఉన్న జూనియర్ డాక్టరు కార్డు చూడగానే బిల్లు గురించి అడగకుండా రక్తం తీసి, గంటలోపు యాంటీబయాటిక్ మొదలుపెట్టించారు. పగలు బాగా నడిచే ఆసుపత్రులు చాలా ఉంటాయి, రాత్రి బాగా నడిచేవి తక్కువ.

ఆపరేషన్‌కు ముందు దాదాపు పది వారాలు కీమో నడిచింది. నొప్పి రెండో విడతకే తగ్గింది. ఆ పది వారాల్లోనే కొలతలు పంపి మెగా ప్రొస్థెసిస్ తయారు చేయించారు. కణితి ఉన్న ఎముక భాగాన్ని, ఎంఆర్ఐలో కనిపించిన హద్దుకు పైన మరికొన్ని సెంటీమీటర్లు కలిపి, మోకాలి కీలుతో సహా తీసేసి, దాని స్థానంలో లోహపు తొడ ఎముకను, మడత కీలును అమర్చడం ఈ ఆపరేషన్. దేశంలో తయారైనదీ, విదేశీదీ రెండూ చూపించి ధరలో కొన్ని రెట్ల తేడా ఉందని చెప్పారు. విదేశీదే పెట్టించుకోమని ఒత్తిడి చేయలేదు. ఆరోగ్యశ్రీ మీద వచ్చిన మాకు దేశీయ ప్రొస్థెసిసే వేశారు.

నిర్ణయానికి ముందు సర్జన్ గారు ఇతర మార్గాలను కూడా వివరించారు. తీసిన ఎముకను అక్కడికక్కడే రేడియేషన్ గదికి పంపి, 50 గ్రే మోతాదు ఇచ్చి, అందులోని కణితి కణాలను చంపి, అదే ఎముకను తిరిగి ప్లేట్లతో బిగించడం మన దేశంలో బాగా ఉపయోగపడుతున్న పద్ధతి. ఎముక మధ్య భాగంలో కణితి ఉండి, ఎముక బలం మిగిలి ఉన్నవారికి అది సరిపోతుంది. చిన్నపిల్లలకైతే ఎదుగుదలతో పాటు పొడవు పెంచగలిగే ప్రొస్థెసిస్ ఉంది. మోకాలి భాగాన్ని తీసేసి, పాదాన్ని వెనక్కి తిప్పి పైకి అతికించి, చీలమండ కీలునే మోకాలిగా వాడుకునే రొటేషన్‌ప్లాస్టీ ఉంది. చూడటానికి ఇబ్బందిగా ఉంటుందని మన కుటుంబాలు దాన్ని ఒప్పుకోవు గానీ, పరుగెత్తాలనుకునే పిల్లవాడికి అంత గట్టిగా పనికొచ్చే ఆపరేషన్ మరొకటి అరుదు అని ఆయన అన్నారు. కాలు తీయాల్సి వచ్చేది ప్రధాన రక్తనాళాలు, నరాలు కణితిలో చిక్కుకుపోయినప్పుడు, లేదా కణితి చర్మం చీల్చుకుని పుండు పడి చీము పట్టినప్పుడు. సరైన రోగిని ఎంచుకుంటే కాలు నిలబెట్టడం వల్ల ప్రాణానికి వచ్చే ముప్పు, కాలు తీసేసినప్పటి ముప్పు కంటే ఎక్కువ కాదని చెప్పి, చీము పట్టే ప్రమాదం సుమారు 10 శాతం ఉంటుందనీ, ప్రొస్థెసిస్ జీవితకాలం రాదనీ, ఏదో ఒకనాడు మార్చాల్సి వస్తుందనీ కూడా దాచకుండా చెప్పారు.

ఆపరేషన్ తర్వాత తీసిన ఎముకను నిలువునా పలకలా కోసి, గడులుగా విభజించి, ఒక్కో గడిలో కణితి ఎంత చచ్చిందో లెక్కవేస్తారు. 90 శాతానికి పైగా చచ్చిపోతే కీమోకు మంచి స్పందన అంటారు. మా వాడిది ఆ గీత దాటింది. అదే వారంలో మరో అబ్బాయికి దాటలేదు. "అయితే మందులు మార్చండి, ఇంకా బలమైనవి ఇవ్వండి" అని వాళ్ల నాన్నగారు గట్టిగా అడిగారు. ఇలాంటివారికి ఐఫాస్ఫమైడ్, ఎటోపోసైడ్ అదనంగా కలిపి చూసిన యూరామోస్ అనే అంతర్జాతీయ పరీక్షలో మేలు కనిపించలేదనీ, దుష్ప్రభావాలు మాత్రం పెరిగాయనీ డాక్టరు చెప్పి, అనుకున్న కోర్సునే పూర్తి చేయించారు. అడిగినవారిని శాంతపరచడానికి మందు మార్చకుండా ఉండటం డాక్టరుకు అంత తేలిక కాదని అక్కడ కూర్చుని చూసిన నాకు అనిపించింది.

ఇక పక్క మంచాల సంగతి. పన్నెండేళ్ల ఒక పాపకు కటి ఎముకలో యూయింగ్ సార్కోమా అనే మరో రకం ఎముక క్యాన్సర్. అమెరికన్ పాథాలజిస్టు జేమ్స్ యూయింగ్ 1921లో దీన్ని విడిగా వర్ణించారు. ఇది కూడా పిల్లలు, యువకుల జబ్బే గానీ ఎముక కొసల్లో కంటే మధ్య భాగంలో, కటిలో, పక్కటెముకల్లో ఎక్కువగా వస్తుంది, చుట్టూ మెత్తటి కణితిగా పెద్దగా పెరుగుతుంది. జ్వరం, రక్తంలో వాపును సూచించే ఈఎస్ఆర్ పెరగడం, ఎక్స్‌రేలో ఉల్లిపొరల్లాంటి ఎముక పొరలు చూసి ఎముకకు చీము పట్టిందని పొరబడటం చాలా మామూలు. ఆ పాపకు కూడా ఒక చిన్న నర్సింగ్ హోంలో వారాల తరబడి యాంటీబయాటిక్స్ ఇచ్చారు. సూక్ష్మదర్శినిలో చిన్న గుండ్రటి నీలి కణాలుగా కనిపించే ఇతర జబ్బుల నుంచి దీన్ని వేరు చేయడానికి 11వ, 22వ క్రోమోజోముల మధ్య ముక్కలు మారి ఏర్పడే జన్యు మార్పును పరీక్షించాలి. ఈ విభాగం ఆ పరీక్ష చేయించకుండా కీమో మొదలుపెట్టదు. ఆస్టియోసార్కోమా రేడియేషన్‌కు పెద్దగా లొంగదు, యూయింగ్ బాగా లొంగుతుంది. కటి ఎముకలాంటి చోట ఆపరేషన్‌తో శరీరం మరీ దెబ్బతింటుందనుకుంటే రేడియేషనే ప్రధాన చికిత్స అవుతుంది. విన్‌క్రిస్టీన్, డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ ఒక విడత, ఐఫాస్ఫమైడ్, ఎటోపోసైడ్ ఒక విడత, ఇలా మార్చి మార్చి ఇస్తారు. మూడు వారాలకు బదులు రెండు వారాలకొకసారి ఇస్తే ఫలితం మెరుగని అమెరికాలో జరిగిన పరీక్షలో తేలింది కాబట్టి ఇక్కడ రెండు వారాల పద్ధతే. దానికోసం కౌంట్ పెంచే ఇంజెక్షన్లు రోజూ వేయించాలి. వాటిని ఊళ్లో వేసేవారు లేక ఆ కుటుంబం నగరంలోనే గది అద్దెకు తీసుకుంది.

ఎదురు మంచంలో యాభై దాటిన ఒక రైతుకు అదే కటి ఎముకలో కాండ్రోసార్కోమా, అంటే మృదులాస్థి నుంచి పుట్టేది. ఆయన కొడుకుకు ఒకటే బాధ: అందరికీ కీమో ఇస్తున్నారు, మా నాన్నకు ఎందుకు ఇవ్వరు? డబ్బులు లేవని వదిలేశారా? నిజానికి మామూలు కాండ్రోసార్కోమా కీమోకూ లొంగదు, సాధారణ మోతాదు రేడియేషన్‌కూ లొంగదు. చుట్టూ మంచి కండతో కలిపి శుభ్రంగా తీసేయడం ఒక్కటే దారి. మొదటి గ్రేడుది చేతులకో కాళ్లకో వస్తే గీకి తీసేసినా చాలు; కటిలో వస్తే అదే గ్రేడైనా పూర్తిగా తీయాలి; మూడో గ్రేడు ఊపిరితిత్తులకు పాకుతుంది; కొంత భాగం మరింత ఉగ్రమైన కణితిగా మారిపోయే డీడిఫరెన్షియేటెడ్ రకం అన్నిటికంటే దుర్మార్గమైనది. ఈ సంగతి ఆయన కొడుకుకు ఎవరైనా పది నిమిషాలు కూర్చుని చెప్పి ఉంటే అన్ని రోజులు అనుమానంతో రగిలిపోయేవాడు కాదు. మాకు దొరికిన వివరణ వాళ్లకు దొరకలేదు. అడిగేవాళ్లకు చెబుతారు, అడగలేనివాళ్లకు చెప్పరు అన్నది ఈ విభాగం మీద నాకున్న మొదటి ఫిర్యాదు.

మణికట్టు దగ్గర జెయింట్ సెల్ ట్యూమర్‌తో వచ్చిన ఒక యువతికి ఇది క్యాన్సర్ కాదని చెప్పారు. ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య, కీలుకు ఆనుకుని వచ్చే ఈ కణితి ప్రాణం తీసేది కాకపోయినా ఎముకను లోపలి నుంచి తినేస్తుంది, గీకి తీసినా తిరిగి వచ్చే గుణం ఉంది, అరుదుగా ఊపిరితిత్తుల్లోనూ కనిపిస్తుంది. హైస్పీడ్ బర్ అనే వేగంగా తిరిగే పరికరంతో గోడల దాకా గీకి, ఖాళీని బోన్ సిమెంటుతో నింపారు. మళ్లీ పెరిగితే సిమెంటు అంచున ఎక్స్‌రేలో తేలిగ్గా దొరుకుతుందట. కణితిని గట్టిపరిచే డెనోసుమాబ్ ఇంజెక్షన్ గురించి ఆమె అడిగితే, ఆపరేషన్ కుదరని చోట అది గొప్ప మందే గానీ, గీకే ఆపరేషన్‌కు ముందు వాడితే గట్టిపడిన ఎముకలో కణాలు దాక్కుని తిరగబెట్టే అవకాశం పెరగవచ్చని వద్దన్నారు. వెన్ను కింది కొసన ఉండే త్రికాస్థిలో కార్డోమా అనే అరుదైన కణితి ఉన్న మరొకరిని, ప్రోటాన్ చికిత్స అనే ప్రత్యేక రేడియేషన్ తమ దగ్గర లేదని ఒప్పుకుని, 2019 నుంచి ఆ సౌకర్యం ఉన్న చెన్నై కేంద్రానికి రాసి పంపారు.

పెద్దవాళ్లలో ఎముకలో క్యాన్సర్ కనిపిస్తే అది ఎక్కువగా ఎముకలో పుట్టింది కాదు. రొమ్ము, ప్రోస్టేట్, ఊపిరితిత్తి, మూత్రపిండం, థైరాయిడ్ నుంచి పాకినదైనా అయి ఉంటుంది, మజ్జలో పుట్టే మైలోమా అయినా అయి ఉంటుంది. తుంటి దగ్గర ఎముక దానంతటదే విరిగి వచ్చిన ఒక పెద్దావిడకు వెంటనే రాడ్ వేయమని బంధువులు పట్టుబట్టినా, సర్జన్ మూలం ఎక్కడో తేలేదాకా ఆగారు. పాకి వచ్చినదైతే రాడ్ వేసి, తర్వాత రేడియేషన్ ఇస్తే ఆమె నడుస్తుంది; ఎముకలోనే పుట్టిన సార్కోమా అయితే మాత్రం ఆ రాడ్ కణాలను ఎముక పొడవునా పాకించి, ఆ కాలును పోగొడుతుంది. ఆమెది రొమ్ము నుంచి వచ్చినదని తేలింది, ఆ తర్వాతే రాడ్ వేశారు.

మిగతా ఫిర్యాదులకు వస్తాను. కీమో వల్ల సంతానం కలిగే శక్తి పోవచ్చనీ, మొదటి విడతకు ముందే వీర్యం భద్రపరచుకోవచ్చనీ ఏ డాక్టరూ తనంతట తాను చెప్పలేదు. డే కేర్‌లో ఒక నర్సు నాతో విడిగా చెప్పబట్టి సమయానికి ఆ పని జరిగింది. పదహారేళ్ల కుర్రాడి దగ్గర, తల్లి ముందు ఆ మాట ఎత్తడానికి మొహమాటం ఉంటే, రాసి ఇచ్చే కాగితంలో ఒక వాక్యం ఉంటే సరిపోయేది. ఆపరేషన్ సమ్మతి పత్రం పూర్తిగా ఆంగ్లంలో ఉంది. మా అక్క అర్థం కాకుండానే సంతకం చేసింది. ఆరోగ్యశ్రీ కౌంటర్‌లో ఒక స్కాన్ రిపోర్టు జతచేయకుండా ఫైలు పంపడం వల్ల ఆమోదం ఆలస్యమై, ఆపరేషన్ తేదీ వెనక్కి జరిగింది. కీమోకూ ఆపరేషన్‌కూ మధ్య వ్యవధి పెరిగితే నష్టమని వార్డులో చెప్పేవాళ్లూ, కౌంటర్‌లో కూర్చునేవాళ్లూ ఒకే ఆసుపత్రి ఉద్యోగులు.

అన్నిటికంటే బలహీనమైనది ఫిజియోథెరపీ. వార్డులో ఉన్నన్నాళ్లు ఒకరు వచ్చి తొడ కండరం బిగించడం, మోకాలు వంచడం నేర్పారు, ఆ నేర్పడం బాగానే ఉంది. డిశ్చార్జ్ సమ్మరీలో మాత్రం దాని గురించి ఒకే ఒక వాక్యం ఉంది. ఈ ప్రొస్థెసిస్‌తో గొంతుకూర్చోకూడదు, బాసింపట్టు వేసి కూర్చోకూడదు, గెంతకూడదు. ఊళ్లో ఇంట్లో ఉన్నది కింద కూర్చునే మరుగుదొడ్డి. ఆ సంగతి ఇంటికి బయలుదేరే రోజు తెలిసింది. కమోడ్ కుర్చీ దొరికేదాకా మా బావ రెండు చేతులా పట్టుకుని వాడిని నిలబెట్టాల్సి వచ్చింది. ఇంత పెద్ద ఆపరేషన్‌కు నెలల ముందే తేదీ తెలిసిన చోట, ఇంట్లో ఏమేం మార్చుకోవాలో చెప్పడానికి ఒక మనిషి లేకపోవడం నాకు మింగుడు పడలేదు.

చికిత్స ముగిశాక చూపించుకునే పద్ధతి మళ్లీ పక్కాగా ఉంది. మొదటి రెండేళ్లు మూడు నెలలకొకసారి, తర్వాత ఐదేళ్ల దాకా ఆరు నెలలకొకసారి కాలికి ఎక్స్‌రే, ఛాతీకి స్కాన్ లేదా ఎక్స్‌రే. ఊపిరితిత్తుల్లో ఒకటి రెండు మచ్చలు తేలినా అది చివరి అంకం కాదని, వాటిని ఆపరేషన్‌తో తీసేస్తే కొందరు పూర్తిగా కోలుకుంటారని, అందుకే తేదీ తప్పవద్దని చెప్పారు. తేదీకి ముందు రోజు ఫోన్ కూడా చేస్తున్నారు.

ఎముకలో గడ్డ ఉందని అనుమానం వచ్చినవారెవరైనా, ఎక్కడా ముక్క తీయించుకోకుండా, రాడ్ వేయించుకోకుండా ఇలాంటి విభాగానికి వెళ్లాలని నా సలహా. వెళ్లేటప్పుడు ఎక్స్‌రే ఫిల్ములన్నీ, మొట్టమొదటిది కూడా, ఎంఆర్ఐ రిపోర్టుతో పాటు సీడీ తీసుకెళ్లాలి. ఇప్పటికే బయట ముక్క తీయించి ఉంటే రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు. స్లైడ్లు, ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకులు ఆ ల్యాబ్ నుంచి అడిగి తెచ్చుకోవాలి, వీళ్లు మళ్లీ సొంతంగా చూస్తారు. కొత్తవారికి ఓపీ ఉదయం మొదలవుతుంది, చీటీల వరుస అంతకు చాలా ముందే మొదలవుతుంది. ఆరోగ్యశ్రీ వారు ఆరోగ్యమిత్ర దగ్గర తమ ఫైలులో ఏ రిపోర్టులు జతచేశారో ఒక్కొక్కటీ చదివించుకుని, పంపిన తేదీ రాయించుకుంటే మంచిది.